నలభై రెండు నిమిషాల ఇల్లు

బస్సుల సంస్థలో ముప్పై ఒక్క సంవత్సరాలు టైంటేబుళ్లు వేసి రిటైరైన ఆ పెద్దమనిషికి వీధిలో నిమిషాలాయన అని పేరు. ఎవరైనా "ఇప్పుడే వస్తా" అంటే "ఇప్పుడే అంటే ఎన్ని నిమిషాలు?" అని అడిగేవాడు కనుక ఆ పేరు వచ్చింది, అడిగి ఊరుకోకుండా, వచ్చినవాడు ఎన్ని నిమిషాలు ఆలస్యమయ్యాడో ముఖం మీదే చెప్పేవాడు కనుక నిలిచిపోయింది. ఆయన మంచం కింద ఒక రేకు పెట్టె ఉండేది. పుట్టిన తేదీ కాగితం దగ్గర్నుంచి నిన్నటి కరెంటు బిల్లు దాకా, తాను పెట్టిన ప్రతి అర్జీ నకలూ, దానికి వచ్చిన జవాబూ, రాని జవాబు కోసం పంపిన రిమైండర్లూ అందులో ఏడాదివారీగా దారం కట్టి ఉండేవి. కాగితం పారేసినవాడు సాక్షిని చంపినవాడితో సమానమని ఆయన సిద్ధాంతం.

"ఆయన చెప్పులు పోయినా పట్టించుకోరు. చెప్పుల రసీదు పోతే మాత్రం ఇల్లు పీకి పందిరేస్తారు" అనేది భార్య.

ఆయన చేసిన పని ఎలాంటిదో బయటివాళ్లకు తెలియదు. బస్టాండు గోడ మీద అంటించిన అంకెల పట్టిక ఆకాశం నుంచి ఊడిపడిందనుకుంటారు జనం. దాని వెనక ఒక పొడవాటి బల్ల, బల్ల మీద తలుపంత గ్రాఫు కాగితం, రంగు పెన్సిళ్లు, ఒక ఉక్కు స్కేలు ఉంటాయి. కాగితం అడుగున ఎడమ నుంచి కుడికి గంటలు. పక్క అంచున కింది నుంచి పైకి స్టాపులు. ఒక్కో బస్సు ఒక్కో ఏటవాలు గీత. బస్సు ఎంత వడిగా పోతే గీత అంత నిటారుగా నిలబడుతుంది. ఎంత మెల్లగా పోతే అంత పడుకుంటుంది. గీత గీసే మనిషి ముందుగా ఆ రూటులో మూడు వేర్వేరు వేళల్లో స్వయంగా బస్సెక్కి, గడియారం చూసుకుంటూ, స్టాపు స్టాపుకూ ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోవాలని నిబంధన. అలా నూట నలభై రూట్లు గీశాడాయన. ప్రతి గీతకూ పల్చటి కాగితం మీద నకలు తీసి ఇంటికి తెచ్చుకున్నాడు. ఒక వేలిముద్రను గుర్తుపట్టినట్టు తన గీతను ఎక్కడున్నా గుర్తుపట్టేవాడు.

అలాంటివాడికి అరవై ఆరో ఏట ఇల్లు వెతుక్కునే పని పడింది. పంతొమ్మిదేళ్లుగా అద్దెకుంటున్న మేడను పడగొట్టి కొత్తది కడతామని యజమాని మూడు నెలల గడువిచ్చాడు. ఇంట్లో అయిదుగురు. లారీ నడిపే కొడుకు నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే. భార్యవి మోకాళ్ల నొప్పులు. ఆరేళ్ల మనుమరాలు. కోడలు పెద్దాసుపత్రి ల్యాబులో టెక్నీషియన్. వార్డుల నుంచి రక్తం సీసాలు ఏడింటికల్లా వచ్చి బల్ల మీద కూర్చుంటాయి కనుక ఆమె కూడా ఏడింటికి వేలిముద్ర యంత్రం మీద వేలు పెట్టి తీరాలి. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఏడాది పరీక్షాకాలంలో మూడు నెలలు మిగిలాయి. ఆ ఏడాదిలో తొమ్మిది ఆలస్యాలు పడితే ఇంటికి పంపిస్తారు. కొడుకు సంపాదన లారీ టైర్లకూ ఇంటికీ సగం సగం పోతుంది. ఇల్లు నిలిచింది కోడలి జీతం మీద. ఈ విషయం ఆ ఇంట్లో ఎవరూ పైకి అనరు, అందరికీ తెలుసు.

ఇళ్ల ప్రకటనలు చదివిన కొద్దీ నిమిషాలాయనకు ఒళ్లు మండేది. "అన్నిటికీ దగ్గర" అని రాసేవాడు దేనికి ఎంత దగ్గరో ఒక్క అంకె వేయడు. "ప్రశాంత వాతావరణం" అంటే దారి లేదని అర్థం. "అయిదు నిమిషాల్లో" అన్నవాడికి ఉత్తరం రాసి, ఎవరి కాళ్లతో అయిదు నిమిషాలని అడిగాడు. జవాబు రాలేదు. రిమైండరు పంపాడు.

చివరికి వాళ్ల స్తోమతకు అందేవి రెండు తేలాయి. ఒకటి కోడలు చూసింది.

"మామయ్యా, కోత మిల్లు వెనక వాడలో ఒకటుంది. రెండు గదులే. పొట్టు ఎగురుతుంది, పగలంతా మోత. కానీ నడిచి అరగంటలో ఆసుపత్రికి పోవచ్చు."

"రెండు గదుల్లో అయిదుగురం ఎలా ఉంటామమ్మా? అగ్గిపెట్టెలో పుల్లల్లాగానా?"

"పుల్లలు బాగానే ఉంటాయి మామయ్యా. గీస్తేనే మంట."

భార్య నవ్వింది. ఆయన నవ్వలేదు. పెట్టె బయటికి లాగి, దారం విప్పి, ఒక నకలు తీసి మంచం మీద పరిచాడు. పడమటి శివారుకు పోయే పదిహేడో నంబరు రూటు. ఆ శివారులో, చివరి స్టాపుకు దగ్గర్లో, మూడు గదుల ఇల్లు, కొత్త సున్నం, బావి నీళ్లు, కోత మిల్లు ఇంటికంటే తక్కువ అద్దె.

"చూడమ్మా. మొదటి బస్సు ఆరూ అయిదు. నలభై రెండు నిమిషాలు. ఆరూ నలభై ఏడుకి నువ్వు ఆసుపత్రి గేటు దగ్గరుంటావు. పదమూడు నిమిషాలు మిగులు."

"ఒకసారి పొద్దున్నే వెళ్లి ఎక్కి చూద్దామా?"

"ఈ గీత ఎవరిదనుకున్నావు?"

ఆమె గీత వైపు చూసింది, మామగారి వైపు చూసింది. ఇక ఆ మాట ఎత్తలేదు.

ఆదివారం మధ్యాహ్నం అందరూ బస్సెక్కి ఇల్లు చూడ్డానికి పోయారు. దిగుతూ ఆయన గడియారం చూశాడు. నలభై నాలుగు నిమిషాలు. రెండు నిమిషాలు మనుమరాలు దిగనని మారాం చేసినందుకు పోయాయని లెక్కతేల్చాడు. ఇల్లు బాగుంది. చిన్నది మూడు గదుల్లోనూ పరుగెత్తి, "ఇది అమ్మ గది" అని ఒకదానికి పేరు పెట్టేసింది. ఇంటాయన రంగుల దుకాణం నడుపుతాడు, మెత్తటి మనిషి. ఏడాదికి అగ్రిమెంటు రాద్దామన్నాడు. పాత యజమాని మూడు నెలల్లో వెళ్లగొట్టిన మంట ఇంకా ఆరని నిమిషాలాయన, రెండేళ్లకు రాయమని పట్టుబట్టాడు. మధ్యలో వెళ్లగొట్టే హక్కు ఇంటాయనకు ఉండకూడదు. న్యాయంగా ఉండాలి కనుక, మధ్యలో ఖాళీ చేసే హక్కు తమకూ ఉండకూడదు, చేస్తే అడ్వాన్సు మొత్తం వదులుకోవాలి. ఆ వాక్యం ఆయనే తయారుచేశాడు. కామా కూడా ఎక్కడ పెట్టాలో చెప్పాడు.

ఆ నెలలోనే ఇల్లు మారారు. తర్వాతి సోమవారం ఆరూ అయిదు బస్సు ఆరూ అయిదుకే కదిలింది. కోడలు ఆసుపత్రి చేరింది ఏడూ పదహారుకు.

మంగళవారం ఏడూ పన్నెండు. బుధవారం ఏడూ ఇరవై. దారిలో ఒక రైలు గేటుంది. పొద్దున్న ఆరున్నర వేళకు ఫ్యాక్టరీ యార్డుకు పోయే గూడ్సు బండి, తోక ఎక్కడుందో తెలియనంత తీరికగా, ఆ గేటు మీదుగా పోతుంది. ఆదివారం ఫ్యాక్టరీకి సెలవు, బండికీ సెలవు. అంతకుముందు బస్సెక్కుదామంటే అదే మొదటి బస్సు. ఆ వేళకు ఆటోలు ఆ శివారులో ఉండవు. పిలిపిస్తే వచ్చేవాడు నెలకు అడిగేది ఆమె జీతంలో మూడో వంతు. రెండో వారం ముగిసేసరికి, బండి రాక ఎలాగో ఏడింటికి అందుకున్న రెండు మూడు రోజులు పోను, ఆమె పేరు మీద ఎనిమిది ఆలస్యాలు పడ్డాయి. ఇంకొక్కటి పడితే చాలు.

అడకత్తెరలో పోకచెక్క అన్న మాట పుస్తకాల్లో చదివినవాడే ఆయన. ఇప్పుడు అది ఇంట్లో తిరగడం చూశాడు. కోడలు తొందరగా పడుకునేది, నిద్రపోయేది కాదు. అలారం మూడుసార్లు పెట్టుకునేది, అది మోగకముందే లేచేది. ఎంత తొందరగా లేచినా మొదటి బస్సు ఆరూ అయిదుకే. వాకిట్లో తయారై కూర్చుని, కదలని రోడ్డు వైపు చూసేది.

శుక్రవారం సాయంత్రం ఆమె వచ్చి కుర్చీలో కూలబడింది.

"ఆసుపత్రి మేనేజరు పిలిచారు మామయ్యా. టైంటేబుల్ తెప్పించి బల్ల మీద పెట్టుకున్నారు. 'ఇందులో నలభై రెండని ఉంది కదా, మధ్యలో ఎక్కడ దిగుతున్నావమ్మా?' అని అడిగారు."

"దిగడమేంటి? నువ్వేమన్నావు?"

"గేటు సంగతి చెప్పాను. 'అయితే బస్సువాళ్ల దగ్గర్నుంచి కాగితం తీసుకురా. ఆలస్యం వాళ్లదని రాసిస్తే నీ పేరు మీదివి కొట్టేస్తాను' అన్నారు. ఇరవయ్యో తారీకు దాకా టైమిచ్చారు. అప్పటిదాకా సెలవు పెట్టుకోమన్నారు. జీతం లేని సెలవు."

నిమిషాలాయన ఆ సాయంత్రమే నాలుగు పేజీల అర్జీ రాశాడు. ప్రజలకు అచ్చేసి ఇచ్చిన మాటను సంస్థ సిబ్బంది నిర్లక్ష్యంతో తుంగలో తొక్కుతున్నదనీ, నలభై రెండు నిమిషాల ప్రయాణానికి డెబ్బై నిమిషాలు పట్టడం పౌరుల ఆయుష్షును దొంగిలించడమేననీ, ఆలస్యాన్ని ఒప్పుకుంటూ వెంటనే లేఖ ఇవ్వాలనీ రాశాడు. పదకొండు అనుబంధాలు జతచేసి, స్వయంగా పోయి ఇచ్చి, స్టాంపు వేయించుకుని వచ్చాడు. జవాబు వచ్చేలోగా సాక్ష్యం పోగుచేద్దామని సోమవారం తెల్లవారగానే, గడియారం చేతబట్టుకుని ఆరూ అయిదు బస్సెక్కి డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాడు.

డ్రైవరు తల నెరిసినవాడు, మెడలో తువ్వాలు. గేటు పడింది. ఇంజను ఆపి, అద్దంలో వెనక్కి చూశాడు.

"పెద్దాయనా, గడియారాన్ని అట్లా గుడ్లురిమి చూడకండి. భయపడి ఆగిపోతుంది."

"ఈపాటికి గేటు దాటి సిమెంటు గోడౌను దగ్గరుండాలి నువ్వు."

"రాత ప్రకారం ఉండాలి సార్. మేం రోడ్డు ప్రకారం పోతున్నాం."

"రాసినవాడికి రోడ్డు తెలియదంటావా?"

"ఈ రూటు పెట్టిన రోజు నుంచీ నేనిక్కడే ఉన్నా. అప్పట్లోనే యాభై అయిదు పట్టేది, ఇన్ని ఇళ్లు లేనప్పుడు. ఆలస్యమైందని రోజూ మెమోలు. ముగ్గురం కలిసి అర్జీ పెట్టాం. ఏం రాసి పంపారో తెలుసా? 'పరిశీలించడమైనది. మార్పు అవసరం లేదు.' నాకు కంఠతా వచ్చు. అయిదు రౌండ్లు తిప్పమని రాశారు. మూడు తిప్పేసరికి డ్యూటీ అయిపోతుంది. మిగతా రెండూ కాగితం మీద తిరుగుతాయి, వాటికి గేట్లుండవు."

టికెట్లు కొడుతున్న కండక్టరు నవ్వాడు. "ఆ రాసినాయన దొరికితే ఏం చేస్తావన్నా?"

"ఏం చేస్తాను? మంచి సీటు చూసి కూర్చోబెడతాను. ఈ గేటు లేచేదాకా."

నిమిషాలాయన గడియారాన్ని జేబులో పెట్టుకున్నాడు. గేటు పద్నాలుగు నిమిషాలకు లేచిందో పదిహేనుకు లేచిందో, జీవితంలో మొదటిసారి ఆయన చూడలేదు. 'పరిశీలించడమైనది' అన్న ముక్క ఆఫీసులో ఎవరైనా రాస్తారు, వెయ్యి కాగితాల మీద రాస్తారు అని దారి పొడవునా తనకు తాను చెప్పుకున్నాడు.

జవాబు పదిహేడో తారీకున వచ్చింది. ఆయన అర్జీలకు జవాబు అంత త్వరగా రావడం అదే మొదలు. సదరు రూటు ప్రయాణకాలం నలభై రెండు నిమిషాలేననీ, నిబంధనల మేరకు ప్రత్యక్ష పరిశీలన జరిపి ధృవీకరించినదేననీ, ధృవీకరణ పత్రం నకలు జతచేయడమైనదనీ రాశారు. నకలు అడుగున ఆయన సంతకం ఉంది. తేదీతో సహా, తోక కొసన చుక్కతో సహా.

మధ్యాహ్నం ఎండ గదిలోకి పడుతున్న వేళ ఆయన పెట్టె ముందు చతికిలబడి దారాలు విప్పుతుంటే భార్య గుమ్మంలో నిలబడింది.

"ఏం వెతుకుతున్నారు?"

"వెతకడం లేదు. దొరక్కూడదని చూస్తున్నాను."

దొరికింది. ఆయన పెట్టెలో దొరకనిదేముంది? పద్నాలుగేళ్ల నాటి దారం కట్టలో, ఆ రూటు నకలు వెనకే, మూడు సంతకాల అర్జీ ఉంది. దాని అంచున ఎర్ర సిరాతో ఆయన చేతిరాత: పరిశీలించడమైనది. మార్పు అవసరం లేదు. ఆ కాగితాన్ని పట్టుకోగానే, అంతకుముందు ఆ గీత గీసిన సాయంత్రం మొత్తం ఆయనకు తిరిగి వచ్చింది. శివారు రూటు మర్నాడు ప్రారంభం. పైఅధికారి బల్ల దగ్గరికి వచ్చి వంగి చూశాడు. యాభై అయిదు నిమిషాలైతే ఎనిమిది గంటల డ్యూటీలో నాలుగు రౌండ్లు కూడా ఇమడవు. నలభై రెండైతే రానూపోనూ ఎనభై నాలుగు, రెండు కొసల్లో ఆరేసి నిమిషాల విరామం, తొంభై ఆరు. అయిదు రౌండ్లకు సరిగ్గా నాలుగు వందల ఎనభై నిమిషాలు, ఎనిమిది గంటలు. గింజ పొల్లుపోదు. "గీతను కాస్త నిలబెట్టవయ్యా" అన్నాడు అధికారి. ఆ లెక్క కుదిరిన అందం చూసి మురిసిపోయి ఈయన గీతను నిలబెట్టాడు. బస్సెక్కే తీరిక ఆ సాయంత్రం లేదు. తర్వాత ఎక్కాలని ఎవరూ అడగలేదు. నూట నలభైలో ఎక్కకుండా గీసింది ఆ ఒక్కటే. దాన్ని నమ్ముకునే ఇల్లు తీసుకున్నాడు. ఊళ్లో ఇంకెవరూ చేయలేని తప్పు అది. మిగతావాళ్లయితే టైంటేబుల్‌ను నమ్మేవాళ్లే కాదు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆఫీసు జవాబు ఆసుపత్రికి ఇస్తే కోడలి ఉద్యోగం పోతుంది. ఇవ్వకపోయినా పోతుంది. దాన్ని కాదనగలిగింది లోకంలో ఒక్క సంతకమే. అది వేస్తే దొంగ ధృవీకరణ ఇచ్చానని ఒప్పుకున్నట్టు; పెన్షను మీదికి ఏ మెమో వచ్చిపడుతుందో తెలియదు. ఇతరుల ఒక్కో మాట మీదా నాలుగు పేజీలు రాయగలిగినవాడు, ఆ మధ్యాహ్నం రెండు తెల్లకాగితాలు చించేసి మూడోదాని మీద ఆరు పంక్తులు రాశాడు.

"పదిహేడో నంబరు రూటుకు నలభై రెండు నిమిషాలని ధృవీకరించినది నేను. చేయవలసిన మూడు పరిశీలన ప్రయాణాల్లో నేను ఒక్కటీ చేయలేదు. డ్రైవర్ల అర్జీపై పరిశీలించడమైనదని రాసినప్పుడు కూడా పరిశీలించలేదు. ఈ నెల స్వయంగా ప్రయాణించాను. ఆ దూరానికి డెబ్బై నిమిషాలు పడుతుంది. ఆలస్యం ప్రయాణికులది కాదు."

సంతకం పెట్టి, డ్రైవర్ల అర్జీ జతచేసి, కోడలి చేతికిచ్చాడు. ఆమె నిలబడే చదివింది. చదివి, ఎర్రసిరా ఉన్న అర్జీని తిప్పి చూసింది.

"ఇది ఇస్తే మీ పెన్షను, మామయ్యా?"

"రావచ్చు దాని జోలికి. రాకపోవచ్చు."

"ఆ రోజు ఒక్కసారి ఎక్కి చూద్దామన్నాను."

"అన్నావమ్మా."

ఆమె కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. తిట్టి ఉంటే ఆయనకు తేలికయ్యేది.

ఆసుపత్రి మేనేజరు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, ఇలాంటిది తన సర్వీసులో చూడలేదంటూ, ఎనిమిదిలో అయిదు ఆలస్యాలు కొట్టేశాడు. కొత్త టైంటేబుల్ ఎప్పుడొస్తుందో తెలియదు కనుక ఇంకా అయిదు ఆలస్యాల వెసులుబాటు ఉన్నా దాన్ని నమ్ముకునే వీలు లేదు. ఆమె సోమవారం నుంచి శనివారం దాకా ఆసుపత్రి నర్సుల విశ్రాంతి గదిలో ఒక మంచం అడుక్కుని, ఆదివారాలు మాత్రం ఇంటికి వచ్చింది. అలా తొమ్మిది వారాలు. ఇల్లు మారింది అందరూ కలిసి ఉండడానికి. మూడో గదిలో మంచం దుప్పటి మడత నలగకుండా అలాగే ఉండేది. చిన్నది ఆ గది గుమ్మంలో కూర్చుని ఆడుకునేది, లోపలికి పోయేది కాదు. "అమ్మ గదిని మీరు కూడా కాపలా కాస్తున్నట్టుంది తాతయ్యా, మీరూ లోపలికి పోరు" అంది ఒకరోజు. ఆ తొమ్మిది వారాల్లో ఆయన ఎవరినీ ఎన్ని నిమిషాలని అడగలేదు.

కోడలి ఉద్యోగం ఖాయమైంది. ఆ ఉత్తర్వు నకలు తీసుకోమని ఆమే తెచ్చి ఇచ్చింది. తన కాగితం నకలును ఆయన బస్సుల సంస్థకు కూడా పంపి ఉన్నాడు; అదే వారం సంస్థ టైంటేబుల్ సవరించింది. ప్రయాణం డెబ్బై నిమిషాలు. మొదటి బస్సు అయిదూ ముప్పై అయిదు. అయిదు రౌండ్లకు బదులు మూడు. ఎన్నడూ తిరగని ఆ రెండు రౌండ్లూ అచ్చులోంచి పోయేసరికి పేట మొత్తం మండిపడింది. "ఆ పెద్దాయన అర్జీలు పెట్టి పెట్టి మన బస్సులు సగం పోగొట్టాడు" అని కిరాణా కొట్టు దగ్గర అనుకున్నారు. లేని బస్సులు ఎలా పోతాయని ఆయన ఒకరికి వివరించబోయాడు. "ఉన్నాయని రాసైనా ఉండేది కదా సార్" అన్నాడు ఆ మనిషి. ముప్పై ఒక్క సంవత్సరాలు తాను నమ్మింది కూడా ఆ ముక్కే.

దొంగ ధృవీకరణకు ఎందుకు చర్య తీసుకోకూడదో పదిహేను రోజుల్లో తెలపాలంటూ ఆయనకు మెమో వచ్చింది. తెలిపాడు. ఎనిమిది నెలలైంది, దాని మీద ఉలుకూ లేదు, పలుకూ లేదు. తపాలా మనిషి సైకిలు బెల్లు వినపడినప్పుడల్లా ఆయన చేతిలో పని వదిలి వాకిట్లోకి వస్తాడు. మెమోను పెట్టెలో అన్నిటికీ పైన పెట్టాడు, దారం కట్టకుండా.

అగ్రిమెంటుకు ఇంకా పద్నాలుగు నెలలుంది. ఇంటాయన్ను ముందుగా వదిలేయమని అడిగితే, ఆ మెత్తటి మనిషి, "మీరే కదండీ రాయించారు" అన్నాడు నొచ్చుకుంటూ. కోడలు ఇప్పుడు నాలుగున్నరకు లేచి, అయిదూ ముప్పై అయిదుకు నిలబడే ప్రయాణం చేసి, ఆరూ నలభై అయిదుకు ఆసుపత్రి గేటు దగ్గర ఉంటుంది. ఉద్యోగం ఖాయమయ్యాక బుధవారానికి మార్పించుకున్న సెలవు రోజున కూడా ఇంట్లో ఉండదు. ఆసుపత్రికి పోయినట్టే చీకటితో లేచి, పదిహేడో నంబరు ఎక్కి, ఒక్కో వారం ఒక్కో స్టాపులో దిగి, అక్కడి సందుల్లో అద్దె బోర్డులు చూసుకుంటూ, అక్కడి నుంచి ఆసుపత్రికి మళ్లీ బస్సెక్కి, మళ్లీ నడిచి, రెండు రకాలుగా వెళ్లి చూస్తుంది. వచ్చాక ఒక నోటుబుక్కులో రాసుకుంటుంది.

మొన్న ఒక సెలవు రోజు మధ్యాహ్నం వచ్చి, చెప్పులు విప్పి, మామగారి గది గుమ్మంలో నిలబడింది.

"మామయ్యా, గ్రాఫు కాగితాలు మిగిలాయా?"

ఆయన మంచం కింది నుంచి పెట్టె లాగి, అడుగున ఉన్న చుట్ట తీసి, ఒకటి చింపి ఇచ్చాడు. ఉక్కు స్కేలూ, పదును పెట్టిన పెన్సిలూ ఇచ్చాడు. ఆమె నేల మీద కూర్చుని నోటుబుక్కు పక్కన పెట్టుకుంది. కోత మిల్లు నుంచి ఆసుపత్రికి, నడక అని మొదటి గీత గీసింది. బస్సులకంటే నడక మెల్లన కనుక గీత బాగా పడుకుంది.

"ఆ ఇల్లు ఇంకా ఖాళీగా ఉందా?" అన్నాడు ఆయన.

"లేదు. ఆ వరసలో ఇంకోటి వచ్చే ఏడు ఖాళీ అవుతుందట. రెండు గదులే."

"ఎన్ని నిమిషాలమ్మా?"

"ముప్పై నాలుగు. మూడుసార్లు నడిచాను."

ఆయన కళ్లజోడు సర్దుకుని, ఆమె గీత మీదికి వంగి, చాలాసేపు చూశాడు. స్కేలు అందుకోబోయి ఆగాడు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.